అడుగున్నర సందు

మంచం జరిపినప్పుడు కనబడింది.
పిల్లాడి తల ఆనే చోట, గోడ మీద
నల్లటి చుక్కలు,
తిరగవాతలో ఆవాలు చిట్లి అంటుకున్నట్టు.

తుడిచాను. బ్లీచింగ్ నీళ్ళతో ఒకసారి,
వెనిగర్‌తో ఇంకోసారి.
ఓనరు మునిరెడ్డి పెయింటర్ని పంపితే
వాడు తెల్లరంగు ముసుగేసి పోయాడు.
శ్రావణం రాకముందే
ముసుగు తీసి చూసింది బూజు.
"మీరు నీళ్ళు ఎక్కువ కాస్తారమ్మా" అన్నాడు మునిరెడ్డి
మెట్ల మీద నుంచే.

కాస్తాం. నలుగురికి వేణ్ణీళ్ళు.
ఎసరు పొంగుతుంది, కుక్కరు మూడుసార్లు అరుస్తుంది,
స్కూలు యూనిఫాం లోపలి తీగ మీదే రాత్రంతా కారుతుంది.
బయట బెంగుళూరు వాన. అది కురవదు, ఊరికే ఉంటుంది,
ఎప్పుడు పోతుందో చెప్పని చుట్టంలా.
ఆపైన నలుగురి ఊపిరి.
పొద్దున అద్దం మీద వేలు పెడితే
నీళ్ళు గీత కట్టి దిగుతాయి.
రాత్రి మేం వదిలిన గాలే అది,
పోను దారి లేక అక్కడే కూర్చుండిపోయింది.

మాది కదిరి పక్కన.
అక్కడ గోడలకే దాహం.
పొద్దున మెత్తిన మట్టి మధ్యాహ్నానికి బీటలిచ్చేది.
చెమ్మ అంటే అక్కడ మంచి మాట.
బోరు వేస్తున్న చోట "చెమ్మ తగిలింది" అని ఎవరన్నా అరిస్తే
కొబ్బరికాయ కోసం పరిగెత్తేవాళ్ళం.
ఇక్కడ అదే చెమ్మకి
మా వాడు దగ్గుతాడు.

బొమ్మనహళ్ళిలో నా పని ఫినిషింగ్ సెక్షన్‌లో.
సముద్రం దాటే ప్రతి చొక్కాకీ
చెమ్మ పీల్చే గింజల పొట్లం ఒకటి పెడతాను.
రోజుకి తొమ్మిదొందల పొట్లాలు.
ఎవరో తొడుక్కోబోయేది
పొడిగా ఉండాలి కదా.
చినిగిన పొట్లాలు గుప్పెడు
టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చి బీరువాలో పెట్టాను.
మూడోనాటికి అవీ తాగి తాగి ఊరుకున్నాయి.
ఆయన బెల్టు మీద ఆకుపచ్చ నూగు.
నా పదో తరగతి సర్టిఫికెట్టులో
సరిగ్గా పుట్టినూరి పేరు మీద మచ్చ.

కిటికీ తెరవొచ్చు కదా అంటారు.
తెరిస్తే అడుగున్నర సందు,
సందుకి ఆవల వాళ్ళ కిటికీ.
చెయ్యి చాస్తే పుట్టగౌరమ్మ దువ్వెన అందుతుంది.
మా గొడవలు వాళ్ళ సారులో పడతాయి,
వాళ్ళ మిరపకాయల ఘాటు మా తుమ్ముల్లో.
అందుకే దిగిన రోజే గడియ పెట్టేశాం.
వాళ్ళు అంతకు ముందే పెట్టేశారు.
మధ్యలో, నాలుగేళ్ళుగా
ఎవరూ పీల్చని గాలి.

ఆమెని నీళ్ళ ట్యాంకర్ దగ్గర అడిగాను,
వచ్చీరాని కన్నడంలో: మీ గోడకి కూడానా?
బిందె దించింది. ఏమీ అనలేదు.
ఇంట్లోకి తీసుకెళ్ళి దేవుడి పటం పక్కకి తిప్పింది.
పటం వెనక
మా గోడ మీది మబ్బే.

ఒప్పందం ఎక్కడా రాసుకోలేదు.
పొద్దున ఆరు నుంచి ఏడు, నా వంట వేళ.
రాత్రి తొమ్మిదికి, ఆమె గిన్నెలు తోమే వేళ.
రెండు కిటికీలూ ఒకేసారి.
నడుమెత్తు దాకా పాత చీర తెర,
ఆ పైదంతా గాలిది.
స్నానాల గది వెంటిలేటర్‌కి అడ్డంగా కొట్టిన అట్టముక్క
నేనే పీకేశాను.
మంచం, బీరువా గోడకి జానెడు ఎడంగా జరిగాయి,
ఇల్లు ఇంకొంచెం ఇరుకైంది.
ఎగ్జాస్ట్ ఫ్యాన్ చీటీ డబ్బుతో మేమే పెట్టుకున్నాం.
పదమూడొందలు. అద్దెలో తగ్గించమంటే
మునిరెడ్డి ఫోనులో సిగ్నల్ పోయింది.

బూజు పూర్తిగా పోలేదు.
తలుపు వెనక మూలన ఒక చెయ్యంత ఉంది,
ఆదివారాలు తుడుస్తాను.
కానీ నిన్న రాత్రి, లైటు తీసేశాక,
సందులోంచి పుట్టగౌరమ్మ గొంతు.
మా వాడి దగ్గు
ఇన్నాళ్ళూ మూసిన కిటికీ వెనక నుంచే
లెక్కపెడుతూ ఉందట.
"ఇవత్తు ఎరడే" అంది.
రెండే.